సగంలో ఆగిన బేస్‌మెంట్: నా ఎస్టిమేటే అడ్డం తిరిగిన ఒక గ్యారంటీ ఫండ్ కేసు

మేరీలాండ్‌లో ఇళ్లకు రిపేర్లు, బేస్‌మెంట్లు, బాత్రూంలు చేసే లైసెన్సు కాంట్రాక్టర్‌ని నేను. ఇంకొకరు మొదలుపెట్టి వదిలేసిన పనులు ఏటా రెండో మూడో నా చేతికి వస్తాయి. మా వృత్తిలో ఎవరూ ఇష్టపడి ఒప్పుకోని పనులవి. గోడ వెనక ఏముందో తెలియదు. ఇంటివాళ్లు అప్పటికే ఒకసారి దెబ్బతిని ఉంటారు కాబట్టి మన ప్రతి మాటనూ అనుమానంగానే వింటారు.

అలాంటి వాటిలో ఈ ఒక్కదాన్నే ఎంచుకుని రాయడానికి కారణం ఉంది. ఆ కుటుంబానికి రావలసిన డబ్బుకు ఒక దశలో అడ్డుపడింది పారిపోయిన కాంట్రాక్టర్ కాదు, నేను రాసిచ్చిన ఒక పేజీ కాగితం. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, సంవత్సరం, ఉద్యోగాలు చెప్పను. గుర్తుపట్టడానికి వీలున్న చిన్న చిన్న వివరాలు మార్చాను.

నేపథ్యం

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. గుంటూరు వైపు నుంచి అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలు వచ్చి ఉంటారు. వాళ్లకంటూ ఒక గది, పక్కనే బాత్రూం ఉండాలని బేస్‌మెంట్ చేయిద్దామనుకున్నారు. రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి 45,000 డాలర్లు. ఏదో ఫంక్షన్లో పరిచయమైన మనిషి, పని బాగా చేస్తాడని పేరు, లైసెన్సు లేదు. రెండోది 54,000, లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్. ఇంటాయన రాష్ట్ర లైసెన్సు కమిషన్ వెబ్‌సైటులో లైసెన్సు నంబరు సరిచూసుకుని 54,000 వైపు మొగ్గాడు. ఈ కథలో వాళ్లు తీసుకున్న అన్నిటికన్నా మంచి నిర్ణయం ఇదే. ఆ రోజు 9,000 ఎక్కువ పెడుతున్నామని ఇంట్లో చిన్న గొడవే అయిందట.

ఆ నిర్ణయం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మేరీలాండ్‌లో ఇంటి మరమ్మతు పనులు చేయాలంటే హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కమిషన్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. 1962 నుంచీ ఉన్న కమిషన్ అది. లైసెన్సు తీసుకున్న మేమందరం గ్యారంటీ ఫండ్ అనే నిధిలో డబ్బు వేస్తాం. మాలో ఒకడు పని చెడగొట్టినా, సగంలో వదిలేసినా ఇంటివాళ్లకు జరిగిన నష్టం ఆ నిధి నుంచి ఇస్తారు. ఒక క్లెయిమ్‌కు గరిష్ఠంగా 30,000 డాలర్లు. 2022 జూలై 1కి ముందు ఇది 20,000 ఉండేది. ఒకే కాంట్రాక్టర్ వల్ల ఎంతమంది నష్టపోయినా అందరికీ కలిపి 2,50,000 దాటదు. లైసెన్సు లేనివాడితో చేయించుకుంటే మాత్రం ఈ నిధి నుంచి ఒక్క డాలరు కూడా రాదు. ఎవరి డబ్బుతో నిధి పెట్టారో వాళ్ల తప్పులకే అది పూచీ.

మన ఊళ్లో ఇలాంటిది లేదా అని ఆ ఇంటి పెద్దాయన నన్ను అడిగారు. రెరా ఉంది కదా అన్నాను. అది అపార్ట్‌మెంట్లు, లేఔట్లు అమ్మే బిల్డర్ల కోసం. సొంత స్థలంలో మేస్త్రీకి గుత్తకిచ్చి కట్టించుకునే ఇంటి పని దాని కిందికి రాదు. మేస్త్రీ మధ్యలో ఫోన్ ఎత్తడం మానేస్తే వినియోగదారుల కమిషన్‌కో కోర్టుకో పోవాల్సిందే. గెలిచినా అతని దగ్గర ఉంటేనే వసూలవుతుంది. ఇక్కడి నిధి ఆ చివరి చిక్కును తీయడానికే పెట్టారు.

ఏం జరిగింది

సంతకం రోజున 18,000 ఇచ్చారు. సరిగ్గా మూడో వంతు. ఇక్కడి చట్టం ప్రకారం ఒప్పందం నాడు అంతకన్నా ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ గీత దాకా వెళ్లి అడిగాడంటే చట్టం తెలిసిన మనిషే. ఫ్రేమింగ్ (గోడల చెక్క చట్రాలు) అయ్యాక 15,000. ఆ తర్వాత మెటీరియల్ తేవాలంటూ 12,000. అందులో 9,000 చెక్కు. మిగతా 3,000 ‘ప్లంబర్‌కు నేరుగా జెల్ చేయండి, మూడో పేమెంట్లో తగ్గించుకోండి’ అని మెసేజి పెట్టాడు (జెల్ అంటే ఫోన్లోంచి బ్యాంకు డబ్బు పంపే పద్ధతి). మొత్తం 45,000 వెళ్లిపోయింది. చేతిలో మిగిలింది 9,000.

ఆ తర్వాత రావడం తగ్గింది. వారానికి ఒకసారి, ఆపైన ఒక మనిషి వచ్చి రెండు గంటలు ఉండి పోవడం. చివరికి అదీ లేదు. నేను మొదటిసారి మెట్లు దిగేసరికి బాత్రూం రావలసిన చోట కాంక్రీటు పగలగొట్టిన గుంత, అందులో పైపులు, పక్కన మట్టి కుప్ప. ఫ్రేమింగ్ ఫర్వాలేదు. వైరింగ్ సగం లాగారు. ఒక గోడకు మాత్రం, ఎందుకో గానీ, డ్రైవాల్ (జిప్సం పలక) కొట్టేశారు. వైరింగ్ ఇన్‌స్పెక్షన్ కాకుండా గోడ మూయకూడదు. బహుశా ‘పని జరుగుతోంది’ అని చూపించి మూడో పేమెంటు తీసుకోవడానికి మూసి ఉంటాడని నా అనుమానం. బయటినుంచి చూసేవాళ్లకు చెక్క చట్రం కన్నా తెల్లటి గోడ ఎక్కువ పని అయినట్టు కనిపిస్తుంది.

పెద్దాయన పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో చేసి రిటైరయ్యారు. కొడుకును నా ముందే అడిగారు: “ఎం.బుక్ రాయకుండా బిల్లు ఎలా పాస్ చేశావురా?” ఎం.బుక్ అంటే బిల్లుకు ముందు, చేసిన పనిని కొలిచి రాసే మెజర్‌మెంట్ బుక్. కొడుకు తల దించుకున్నాడు. నేను నవ్వేశాను. ఆ మాట ఎంత పెద్దదో నాకు తెలియడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది.

వాళ్లంతట వాళ్లు చేసినవి

నా దగ్గరికి రాకముందే చాలా ప్రయత్నించారు. ఒక లాయర్‌ను కలిశారు. దావా వేయవచ్చు గానీ అవతల ఉన్నది ఒక చిన్న ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ), దానికి ట్రక్కు కూడా సొంతం కాదు, గెలిచినా తీర్పు కాగితమే మిగులుతుంది అన్నాడు. నిజాయితీగల సలహా, దానికి 1,500 తీసుకున్నాడు. ఆన్‌లైన్లో చెడ్డ రివ్యూ రాశారు. అపార్ట్‌మెంటు రోజుల నాటి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే నలభై మంది నలభై సలహాలిచ్చారు. ఒక్కరూ గ్యారంటీ ఫండ్ పేరు ఎత్తలేదు.

ఒక పని మాత్రం దాదాపు కేసునే ముంచింది. విసిగిపోయిన ఒక రాత్రి ఇంటాయన కాంట్రాక్టర్‌కు మెసేజి పెట్టాడు: ఇక నా ఇంట్లో అడుగు పెట్టొద్దు, నీ పని నాకొద్దు. కోపం న్యాయమైనదే. కానీ ఈ నిధికి ఒక నియమం ఉంది. కాంట్రాక్టర్ చిత్తశుద్ధితో సరిచేస్తానంటే ఇంటివాళ్లు కారణం లేకుండా కాదనకూడదు. కాదంటే క్లెయిమ్ కొట్టేయవచ్చు. ఆ మెసేజి అవతలివాడి చేతిలో ఉంది. రేపు హియరింగుకు, అంటే క్లెయిమ్ విచారణకు వచ్చి, ‘నేను వస్తానన్నాను, వాళ్లే రానివ్వలేదు’ అని ఫోన్ చూపిస్తే?

అంచేత మేం చేసిన మొదటి పని క్లెయిమ్ ఫారం నింపడం కాదు, వెనక్కి తగ్గడం. ఇంటాయనకు ఇది మింగుడుపడలేదు. “తప్పు చేసింది వాడు, ఉత్తరం నేను రాయాలా అన్నా?” అన్నాడు. రాయాలన్నాను. మర్యాదగా, మిగిలిన పనుల చిట్టా పెట్టి, పది రోజుల్లో ఏ రోజైనా వచ్చి మొదలుపెట్టవచ్చని, తలుపు తీసే ఉంటుందని రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం. నా ఆలోచన ఇది: వచ్చి పని చేస్తే మంచిదే. రాకపోతే పాత మెసేజి విలువ పడిపోతుంది. రెండింట్లో ఏది జరిగినా మనకు నష్టం లేదు. జవాబు వచ్చింది. ముందు ఇంకో 6,000 పంపితే వస్తానన్నాడు. అప్పటికే చేసిన పనికన్నా ఎక్కువ పుచ్చుకున్న మనిషి మళ్లీ డబ్బు అడగడాన్ని ఎవరూ చిత్తశుద్ధి అనరు. ఆ జవాబును ప్రింటు తీసి ఫైలులో పెట్టుకున్నాం.

ఒప్పందం వెనక పేజీలో ఇంకో ముల్లు ఉంది. వివాదం వస్తే ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) పోవాలన్న షరతు. చదవకుండా దాటేసే చిన్న అక్షరాలు. ఆ షరతు ఉంటే దాని సంగతి తేల్చకుండా నిధి డబ్బివ్వదు. అయితే ఆర్బిట్రేషన్‌కు డబ్బు కట్టి, నెలలు కూర్చోవలసిన పని లేదు. మనం రమ్మని అడిగినట్టు, అవతలివాడు పలకనట్టు రుజువు చూపిస్తే చాలు. అప్పుడు కమిషన్ అతనికి నోటీసిస్తుంది. దానికీ పలకకపోతే ఆ షరతు లేనట్టే లెక్క. ఇంకో రిజిస్టర్డ్ ఉత్తరం వెళ్లింది. దీనికి అసలు జవాబే రాలేదు.

ముట్టుకోకముందే ఫెయిల్ అవడం

తర్వాత ఎదురైన ప్రశ్న పని మొదలుపెట్టాలా, హియరింగ్ దాకా ఆగాలా అన్నది. గుంత అలాగే ఉంచితే సాక్ష్యం పదిలంగా ఉంటుంది అన్నారు వాట్సాప్ పెద్దలు. కానీ ఇంట్లో చిన్న పిల్ల ఉంది, కింద తెరిచిన కాలువ పైపు ఉంది. పైగా నియమాల్లో ‘ఇచ్చిన లేదా ఇవ్వవలసి వచ్చే’ ఖర్చు అని ఉంది. అంటే పని పూర్తయి ఉండక్కర్లేదు, అయితే తప్పూ లేదు. అలాంటప్పుడు ఆగడంలో లాభం లేదు. అయితే కూల్చేశాక ‘నిజంగా చెడ్డగా ఉండిందా?’ అని ఎవరైనా అడిగితే నా మాట ఒక్కటే మిగులుతుంది. నేను ఆ పనికి డబ్బు తీసుకోబోయేవాణ్ని. నా మాటకు ఎంత బరువుంటుంది?

అందుకని కౌంటీ (జిల్లా) ఆఫీసులో కొత్త పర్మిట్ నా పేరున తీసుకుని, ఒక్క మేకు కూడా పీకకముందే ఇన్‌స్పెక్టర్‌ను పిలిచాను. ఆయన వింతగా చూశాడు. ఎక్కడైనా కాంట్రాక్టర్ పాసవడానికి పిలుస్తాడు, నేను ఫెయిలవడానికి పిలిచాను. షవర్‌కు వేసిన 2 అంగుళాల డ్రెయిన్ పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. లెవెల్ పెడితే బుడగ కదలకుండా నడిమధ్యనే నిలిచింది. మూసిన గోడ తెరవమని, వైరింగు చూపించమని, పైపు మళ్లీ వేయమని ఆయన కాగితం మీద రాసిచ్చాడు. నా లైసెన్సు పేరు మీద పడ్డ ఫెయిల్ అది. ఈ కేసులో అంతకన్నా విలువైన కాగితం ఇంకోటి లేదు. నాతోగానీ ఇంటివాళ్లతోగానీ లాభం లేని మనిషి రాసింది కదా.

నా తప్పు

ఇక అసలు విషయానికి వస్తాను. పని మొదలుపెట్టేముందు ఇంటావిడ అడిగారు: “ఎలాగూ మీరు చేస్తున్నారు కదా, ఆ మూల చిన్న వెట్ బార్ పెట్టిద్దామా? కార్పెట్ వద్దు, వినైల్ ప్లాంక్ వేద్దాం. లైట్లు ఇంకో ఎనిమిది.” వెట్ బార్ అంటే సింకు ఉన్న చిన్న పానీయాల గట్టు. షవర్‌కు గాజు తలుపు కూడా. అన్నీ కలిపి నేను మామూలుగా రాసిచ్చినట్టే ఒక పేజీ రాసిచ్చాను. ‘బేస్‌మెంట్ పూర్తిచేయుటకు, మెటీరియల్, లేబర్‌తో కలిపి: 52,600.’ నా దృష్టిలో అది అమ్మకపు కాగితం. వాళ్లు దాన్నే క్లెయిమ్‌కు జతచేసి పంపేశారు.

నష్టం లెక్కగట్టే పద్ధతి నిబంధనల్లోనే ఉంది. కాంట్రాక్టర్ పనే మొదలుపెట్టకుండా పోతే, ఇచ్చినదంతా నష్టం. కొంత చేసిపోయాడు, ఇంటివాళ్లు వేరేవాళ్లతో చేయించుకోవడం లేదు అంటే, ఇచ్చిన దానిలోంచి చేసిన పని విలువ తీసేయాలి. వేరేవాళ్లతో పూర్తిచేయించుకుంటుంటే, అతనికి ఇచ్చినదానికి రెండో కాంట్రాక్టర్‌కు సరిచేయడానికి, పూర్తిచేయడానికి అయ్యే సమంజసమైన ఖర్చు కలిపి, అందులోంచి మొదటి ఒప్పందం ధర తీసేయాలి. మన కేసు మూడోది. 45,000కు 52,600 కలిపి 54,000 తీసేస్తే 43,600. పరిమితి 30,000 కాబట్టి 30,000 వస్తుందని కుటుంబం లెక్కేసుకుంది.

హియరింగ్ తేదీ వచ్చింది. కాంట్రాక్టర్ చిరునామా మారడంతో నోటీసు వెనక్కి రావడం వల్ల అది వాయిదా పడింది. ఇంటివాళ్లకు విసుగొచ్చింది గానీ, ఆ వాయిదాయే మమ్మల్ని కాపాడింది. ఈలోగా నిధి తరఫున వాదించే లాయర్ మా కాగితాలు చూసి ఒక్క ప్రశ్న అడిగారు. ఈ 52,600లో మొదటి ఒప్పందంలో ఉన్న పని ఎంత?

నా దగ్గర జవాబు లేదు. అంటే, తలలో ఉంది, కాగితం మీద లేదు. రుజువు చేయవలసిన భారం క్లెయిమ్ వేసినవాళ్లదే. ఆ అంకెలో వెట్ బార్ ఎంతో విడదీయలేకపోతే జడ్జి తన ఊహతో విడదీయరు, మొత్తాన్నే పక్కన పెట్టవచ్చు.

అప్పుడు ఇంటాయన అన్న మాట నేను మర్చిపోలేదు. “అన్నా, ఎలాగూ 30,000 దగ్గర ఆపేస్తారు. కొంచెం అటూఇటూ ఉన్నా 30,000 దాటుతుంది కదా. విడదీస్తే తగ్గుతుందేమో. వెట్ బార్ సంగతి చెప్పకుండా ఉండలేరా?” చెడ్డ మనిషి కాదు. ఏడాదిపాటు దెబ్బ మీద దెబ్బ తిన్న మనిషి. కుదరదన్నాను. ఒకటి, నేను ప్రమాణం చేసి చెప్పాల్సిన సాక్షిని. రెండు, ఆ నిధిలో ఉన్నది మా డబ్బే, వెట్ బార్‌లకు కాదు. ఈ రెండూ పక్కన పెట్టినా మూడోది ఉంది: నేను క్లెయిమ్‌కు పెంచి రాశానని ఒకచోట తేలితే, డ్రెయిన్ పైపు గురించి చెప్పిన నిజం కూడా నమ్మరు.

రెండో కాగితం

ఆ రాత్రి పెద్దాయన ఎం.బుక్ మాట గుర్తొచ్చింది. పొద్దున్నే ఆయనకు ఫోన్ చేశాను. “అంకుల్, మీరు అప్పట్లో ఎలా రాసేవారు?” టేపు పట్టుకుని ఇద్దరం బేస్‌మెంట్‌లో సగం రోజు కూర్చున్నాం. ఆయన పద్ధతి తేలికైనది. ఒప్పందంలో ఉన్న ప్రతి ఐటమ్‌కూ ఒక వరస. కొలత ఎంత, ఎంత అయింది, అయినదాంట్లో పనికొచ్చేది ఎంత, తీసేయాల్సింది ఎంత, మిగిలింది ఎంత. ఒప్పందంలో లేనిది ఏదైనా ఉంటే వేరే కాగితం. ‘ఎక్స్‌ట్రా ఐటమ్‌ను ఒరిజినల్ ఐటమ్‌లో కలిపితే ఆడిట్‌వాడు ఊరుకోడు’ అన్నారాయన, ముప్ఫై ఏళ్ల నాటి ఏదో గొడవ గుర్తొచ్చినట్టు.

అలా రాస్తే ఒప్పందం పరిధిలోని పని 36,400కు తేలింది. మూసిన గోడ తెరిచి మళ్లీ మూయడానికి 1,800, వైరింగు సరిచేసి పూర్తిచేయడానికి 6,400, గుంతలో పైపులు మళ్లీ వేసి కాంక్రీటు పోసి బాత్రూం ప్లంబింగు ముగించడానికి 5,900, ఎగ్రెస్ కిటికీకి (ప్రమాదంలో బయటపడేది) 5,600, ఇన్సులేషన్, డ్రైవాల్ 6,200, బాత్రూం టైల్స్, ఫిక్చర్లు 4,100, తలుపులు, ట్రిమ్, పెయింటు 3,700, కార్పెట్ 2,700. వేసేది వినైలే అయినా ఈ కాగితంలో కార్పెట్ ధరే పెట్టాను, ఒప్పందంలో ఉన్నది కార్పెట్ కాబట్టి. మిగిలిన 16,200 ఎక్స్‌ట్రాల కాగితంలోకి పోయింది. నష్టం 27,400 అయింది.

ఇందులో కిటికీ దగ్గర చాలాసేపు ఆగాం. బేస్‌మెంట్‌లో పడకగది ఉంటే మంటలొచ్చినప్పుడు బయటికి దూకడానికి కిటికీ ఉండి తీరాలి. తెరిస్తే మనిషి బయటపడేంత ఖాళీ రావాలి, గట్టు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. కానీ ఒప్పందంలో ‘ఒక బెడ్‌రూం’ అని ఉందే తప్ప కిటికీ మాట లేదు. గోడ కోయడం, బయట గొయ్యి తవ్వడం అంతా కలిసిన ఖర్చు. ఒప్పందంలో లేదు కాబట్టి ఎక్స్‌ట్రాలోకి తోసేద్దామా? కోడ్ ప్రకారం అది లేకుండా బెడ్‌రూమే కాదు కాబట్టి లోపలే ఉందందామా? నాకు రెండోదే సబబుగా అనిపించింది, కానీ అనిపించడం రుజువు కాదు. ఒప్పందం మళ్లీ చదివితే ‘ఆమోదించిన ప్లాన్ల ప్రకారం’ అన్న ముక్క కనబడింది. మరి ఆ ప్లాన్లు ఏవి? ఇంటివాళ్ల దగ్గర లేవు. కౌంటీకి అర్జీ పెట్టి మొదటి పర్మిట్‌కు ఆ కాంట్రాక్టర్ ఇచ్చిన డ్రాయింగ్ తెప్పించాం. అందులో కిటికీ ఉంది, బయట గొయ్యి కూడా ఉంది, కొలతలతో సహా. అతని డ్రాయింగే అతని ఒప్పందంలోకి కిటికీని తెచ్చింది.

హియరింగ్

హంట్ వ్యాలీలోని ఆఫీస్ ఆఫ్ అడ్మినిస్ట్రేటివ్ హియరింగ్స్ ముందు విచారణ. కాంట్రాక్టర్ రాలేదు. నోటీసు సరిగ్గా పంపారని తేలాక అతను లేకుండానే జడ్జి మొదలుపెట్టారు. రాలేదు కాబట్టి మనం గెలిచినట్టే అని ఇంటాయన చెవిలో అన్నాడు. అది సరికాదు. నిధి తరఫు లాయర్ అక్కడే ఉన్నారు, అంకెలు రుజువు చేయాల్సింది ఆమె ఎదుట. ఆమె శత్రువు కాదు గానీ, అడగవలసినదల్లా అడిగారు.

ప్లంబర్‌కు జెల్ చేసిన 3,000 మీద ప్రశ్న వచ్చింది. కాంట్రాక్టర్‌కు ఇచ్చినదే లెక్కలోకి వస్తుంది, ఎవరికో ఇచ్చింది ఎలా వస్తుంది? ‘మూడో పేమెంట్లో తగ్గించుకోండి’ అన్న ఆ ఒక్క మెసేజి స్క్రీన్‌షాట్ లేకపోతే 3,000 పోయేది. కోపంగా పెట్టిన మెసేజి గురించీ అడిగారు. దానికింద రిజిస్టర్డ్ ఉత్తరం, దానికింద 6,000 అడిగిన జవాబు వరసగా పెట్టాం. అక్కడితో ఆ విషయం అయిపోయింది.

నన్ను రెండు కాగితాల గురించి దాదాపు నలభై నిమిషాలు అడిగారు. మొదటి 52,600 పేజీ రికార్డులోనే ఉంది, దాచలేదు. అది ఎందుకలా రాశానో, ఎలా విడదీశానో చెప్పాను. టైల్స్ దగ్గర మాత్రం పట్టుబడ్డాను. ఒప్పందంలో మామూలు సెరామిక్ ధర ఉంటే, నేను పోర్సిలిన్ ధర వేశాను. అలవాటులో పడిన తప్పు. జడ్జి ఆ 600 తీసేశారు. కిటికీ నిలబడింది. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ఎవరూ ఏమీ అడగలేదు.

26,800 ఇవ్వాలని ప్రతిపాదిత నిర్ణయం వచ్చింది. అభ్యంతరాలకు 20 రోజులు గడువు. ఎవరూ పెట్టలేదు. కమిషన్ ఖాయం చేసింది. ఫిర్యాదు పెట్టిన నాటి నుంచి చెక్కు చేతికి వచ్చేదాకా పదిహేడు నెలలు. నిధికి ఆ మొత్తం 10 శాతం వార్షిక వడ్డీతో తిరిగి కట్టేదాకా ఆ కాంట్రాక్టర్‌కు ఈ రాష్ట్రంలో లైసెన్సు ఉండదు.

ఒక లెక్క నాకు తర్వాత తట్టింది. కుటుంబం మొదటివాడికి 45,000, నాకు 52,600, అంతా 97,600 పెట్టింది. వచ్చిన 26,800 తీసేస్తే 70,800. మొదటివాడు మాట నిలబెట్టుకుని ఉంటే 54,000, వాళ్లు కోరుకున్న ఎక్స్‌ట్రాలు 16,200, మొత్తం 70,200 అయ్యేది. తేడా 600, అదీ నా టైల్స్ తప్పు. నిధి ఇచ్చేది శిక్ష సొమ్ము కాదు, ఒప్పందం నెరవేరి ఉంటే ఎక్కడ ఉండేవాళ్లో అక్కడికి తెచ్చి నిలబెట్టడమే. లాయర్ ఫీజు 1,500 రాలేదు. వడ్డీ రాలేదు. పెద్దవాళ్లు ఒక ఏడాది రాకుండా ఆగిపోయిన దానికి లెక్కే లేదు. ఇవి రావని మొదటి రోజే చెప్పాను కాబట్టి చెక్కు చూసి ఎవరూ నిరాశపడలేదు. ఎంత వస్తుందో తెలియనివాళ్లకు ఎంత వచ్చినా తక్కువే అనిపిస్తుంది.

నేను మార్చుకున్నవి

వదిలేసిన పని ఎవరి ఇంట్లో చూసినా ఇప్పుడు ధర చెప్పేముందు వాళ్ల పాత ఒప్పందం అడుగుతాను. లేకపోతే టేపు తీయను. ఎస్టిమేట్ రెండు కాగితాలుగానే ఇస్తాను, ఇంటివాళ్లు క్లెయిమ్ వేసినా వేయకపోయినా. పర్మిట్ డ్రాయింగ్ కౌంటీ నుంచి తెప్పించడం మొదటి వారంలోనే చేస్తాను. నష్టం తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంది కదా అని ఊరుకుంటే చెదిరిపోయేవి మెసేజిలు, బ్యాంకు కాగితాలు, మనుషుల జ్ఞాపకాలు.

నా సొంత ఒప్పందాలు కూడా మారాయి. అడ్వాన్సుగా మూడో వంతు చట్టం ఒప్పుకుంటుంది, నేను ఆరో వంతే తీసుకుంటున్నాను. తర్వాతి పేమెంట్లు తేదీలకు కాదు, కౌంటీ ఇన్‌స్పెక్షన్ పాసైన కాగితానికి కట్టాను. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు ఇది నచ్చలేదు, చేతిలో డబ్బు ఆడదని. నిజమే, కొన్ని నెలలు ఆడలేదు.

కిందటి నెల ఇంకో కుటుంబం ఫోన్ చేసింది. తెలుగువాళ్లు కాదు. డెక్ సగంలో వదిలేసి పోయాడట. పేరు చెప్పారు. అతనే. వాళ్ల ఒప్పందం తేదీ అడిగాను, లైసెన్సు పోకముందుదే. పని పూర్తిచేయడానికి ఎంతవుతుందో ఫోన్లోనే ఉజ్జాయింపుగా ఒక అంకె చెప్పమన్నారు. ముందు మీరు ఇచ్చిన చెక్కుల నకళ్లు, ఒప్పందం వెనక పేజీ ఫోటో తీసి పంపండి అన్నాను. వెనక పేజీ ఎందుకని అడిగారు.